చందా డబ్బుకి లెక్క చెప్పిన రాజేంద్ర బాబు

భారతదేశపు మొదటి రాష్ట్రపతి ఎవరు? ఐదో తరగతి పిల్లాడిని నిద్రలేపి అడిగినా చెప్పేస్తాడు. డాక్టర్ రాజేంద్ర ప్రసాద్. రాజ్యాంగ సభ అధ్యక్షుడు ఎవరు అన్నదానికీ అదే జవాబు. తెల్ల టోపీ, ఒత్తు మీసం, నెమ్మదైన చూపు ఉన్న ఆ ఫోటో, రెండు బిట్లు. అంతటితో ఆయన మనకి అయిపోతారు. గ్రూప్స్‌కి చదివే సీనియర్లకైతే ఇంకో బిట్టు ఎక్కువ తెలుసు, అంతే.

నేను రాయబోయేది ఆ మూడు బిట్లలోనూ లేని ఒక సంవత్సరం గురించి. 1934. అప్పటికి ఆయన రాష్ట్రపతి కాదు, మంత్రి కాదు. ఉబ్బసంతో బాధపడుతున్న ఒక ఖైదీ.

ఈ విషయం మీద నాకు ఆసక్తి ఎలా కలిగిందో రెండు ముక్కల్లో చెప్తాను. తుఫానో వరదో వచ్చినప్పుడల్లా కాలేజీ గ్రూపుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒక పోస్టరు, దాని మీద క్యూఆర్ కోడ్, కింద ఇద్దరు ముగ్గురు వాలంటీర్ల పేర్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు అలాంటి పోస్టర్లు ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. మనం వందో రెండొందలో పంపిస్తాం. పంపినట్టు స్క్రీన్‌షాట్ పెడతాం. ఆ తర్వాత ఆ డబ్బు ఎవరి ఇంటి మీద రేకు అయ్యిందో, ఎవరి పిల్లకి దుప్పటి అయ్యిందో చాలాసార్లు తెలియదు. అడగడానికి మొహమాటం. మరి ఫోన్లు లేని రోజుల్లో, సగం రాష్ట్రం నేలమట్టమైనప్పుడు, ప్రభుత్వం నేరస్థుడిగా చూసే మనిషి చేతికి దేశం లక్షల రూపాయలు ఎలా ఇచ్చింది? ఇచ్చిన డబ్బుకి ఆయన ఏం చేశారు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని చదివాను.

ముందు మనిషి గురించి చెప్పాలి. ఎందుకంటే ఆ నమ్మకం 1934లో ఒక్కరోజులో పుట్టింది కాదు.

రాజేంద్ర ప్రసాద్ 1884 డిసెంబరు 3న బీహార్‌లోని జీరాదేయీ అనే పల్లెలో పుట్టారు. అప్పుడది సారణ్ జిల్లా, ఇప్పుడు సివాన్ జిల్లా. తండ్రి మహదేవ్ సహాయ్‌కి పారశీ, సంస్కృతం రెండూ వచ్చు. పిల్లవాడికి మొదట చదువు చెప్పింది ఒక మౌల్వీ. పారశీతో మొదలైంది ఆయన అక్షరాభ్యాసం. పన్నెండేళ్ళకే రాజవంశీ దేవితో పెళ్ళి అయిపోయింది. ఇంట్లో అన్న మహేంద్ర ప్రసాద్ అంటే ఆయనకి తండ్రి తర్వాత తండ్రి. ఈ అన్నగారిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

చదువులో మాత్రం మనం అసూయపడాల్సిన మనిషి. 1902లో కలకత్తా విశ్వవిద్యాలయం ఎంట్రన్స్ పరీక్షలో మొదటి స్థానం. నెలకి 30 రూపాయల స్కాలర్‌షిప్. ప్రెసిడెన్సీ కాలేజీలో చేరింది సైన్స్‌లో. అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ ఉన్నారు. అంత గొప్ప ఫ్యాకల్టీని వదిలి తర్వాత ఆర్ట్స్‌కి మారిపోయారు. బ్రాంచి మారదామా వద్దా అని రెండో ఏడాదిలో తల పట్టుకునే మనవాళ్ళు ఈ సంగతి ఒకసారి తలుచుకోవచ్చు. ఎకనామిక్స్‌లో ఎం.ఏ. ఫస్ట్ క్లాసులో పూర్తి చేశారు. కొన్నాళ్ళు ముజఫర్‌పూర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. తర్వాత లా చదివి, 1915లో మాస్టర్ ఆఫ్ లా బంగారు పతకంతో తెచ్చుకున్నారు. 1916లో పట్నా హైకోర్టు ఏర్పడగానే అక్కడ ప్రాక్టీసు పెట్టారు.

ఈ మధ్యలో జరిగిన రెండు సంగతులు నాకు ముఖ్యమనిపించాయి. ఒకటి, 1910లో గోఖలే ఆయన్ని తన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలోకి రమ్మన్నారు. జీవితమంతా సేవకి ఇచ్చేయాలి. రాజేంద్ర బాబుకి వెళ్ళాలనే ఉంది. కానీ ఇంటి పరిస్థితి ఆలోచించి అన్నగారికి ఉత్తరం రాశారు, ఇంట్లోవాళ్ళ బాధ చూసి ఆగిపోయారు. రెండోది, 1914లో బీహార్, బెంగాల్ ప్రాంతాల్ని వరదలు ముంచినప్పుడు సహాయం పనిలో దిగారు. అంటే భూకంపం నాటికి ఇరవై ఏళ్ళ ముందే నీళ్ళలో మునిగిన పల్లెలు ఎలా ఉంటాయో, అక్కడ మొదట ఏం కావాల్సి వస్తుందో ఆయన కళ్ళారా చూశారు.

1917లో చంపారణ్. నీలిమందు తోటల దొరల కింద నలిగిపోతున్న రైతుల కోసం గాంధీ బీహార్ వచ్చారు. పట్నాలో దిగగానే ఆయన్ని తీసుకెళ్ళింది రాజేంద్ర బాబు ఇంటికే. ఆ సమయానికి ఈయన ఊళ్ళో లేరు. వచ్చినాయన ఎవరో, ఏ కులమో తెలియని నౌకర్లు బావిలో నీళ్ళు తోడుకోనివ్వలేదు. తర్వాత చంపారణ్‌లో పనికి చేరిన పెద్ద వకీళ్ళందరూ ఎవరి వంటవాణ్ణి వాళ్ళు వెంట తెచ్చుకున్నారు. గాంధీ ఆ పద్ధతి మాన్పించి, అందరికీ ఒకటే వంట పెట్టించారు. వకీళ్ళు చేసిన పని ఏమిటంటే ఊరూరా కూర్చుని రైతుల వాంగ్మూలాలు రాసుకోవడం. వేల మంది రైతులు. ప్రతి మాటనీ అడిగి, నిజమో కాదో అడ్డ ప్రశ్నలు వేసి, కాగితం మీద పెట్టి, సంతకమో వేలిముద్రో తీసుకోవడం.

చూడటానికి గుమాస్తా పని. కానీ ఒక పల్లె కష్టాన్ని కాగితం మీద తప్పు లేకుండా రాయడం ఆయన అక్కడ నేర్చుకున్నారు. భూకంపం వచ్చాక ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ విద్యే.

1920–21లో సహాయ నిరాకరణ మొదలయ్యేసరికి బ్రహ్మాండంగా సాగుతున్న ప్రాక్టీసు వదిలేశారు. కొడుకుని ప్రభుత్వ కాలేజీ నుంచి మాన్పించి బీహార్ విద్యాపీఠ్‌లో చేర్చారు. ఆ తర్వాత పదేళ్ళూ ఖద్దరు, ఊళ్ళు, జైళ్ళు. ఉబ్బసం ఆయన్ని ఎప్పుడూ వదల్లేదు. చలికాలం వస్తే మరీ.

ఇప్పుడు 1934కి వద్దాం.

జనవరి 15, సోమవారం. మధ్యాహ్నం రెండు దాటి పదమూడు నిమిషాలు. తూర్పు నేపాల్ కింద భూమి కదిలింది. తీవ్రత దాదాపు 8. నేపాల్‌లో, ఉత్తర బీహార్‌లో కలిపి 10 వేల మందికి పైగా చనిపోయారు. ఒక్క బీహార్‌లోనే 7 వేలు దాటారు. మిట్టమధ్యాహ్నం కాబట్టి జనం పొలాల్లో, బయట ఉన్నారు. అదే అర్ధరాత్రి అయ్యుంటే ఆ సంఖ్య ఎక్కడికి పోయేదో ఊహించలేం. గంగకి దక్షిణాన ఉన్న ముంగేర్ పట్నంలో ఇరుకు బజారుకి రెండువైపులా ఉన్న ఇటుక మేడలు వీధిలోకి కూలాయి. ముజఫర్‌పూర్, దర్భంగా, సీతామఢీ, మోతీహారీ... పేర్లు రాసుకుంటూ పోతే ఉత్తర బీహార్ మ్యాపు మొత్తం వస్తుంది.

జియోటెక్ చదివినవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. ఉత్తర బీహార్ అంటే హిమాలయాల నుంచి నదులు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. కింద కొద్ది అడుగుల్లోనే నీళ్ళు. వదులుగా ఉన్న ఇసుక, దాని సందుల్లో నిండా నీళ్ళు, పైన ఒక పెద్ద కుదుపు. ఇసుక రేణువులు దగ్గరికి జరగాలని చూస్తాయి, మధ్యలో నీరు అడ్డుపడుతుంది, నీటి పీడనం పెరిగిపోతుంది, రేణువుల మధ్య పట్టు పోతుంది. కాసేపు నేల నేలలా ఉండదు, బురద చారులా అయిపోతుంది. మనం సెమిస్టర్ పరీక్షకి లిక్విఫాక్షన్ అని ఐదు మార్కులకి రాసేది ఇదే. అక్కడ దాదాపు 300 కిలోమీటర్ల పొడవున ఒక పట్టీలో ఇలా జరిగింది. జియలాజికల్ సర్వే వాళ్ళు దానికి స్లంప్ బెల్ట్ అని పేరు పెట్టారు. ఆ పట్టీలో ఇళ్ళు కూలడం కంటే ఒరిగిపోవడం, నేలలోకి దిగిపోవడం ఎక్కువ. పొలాల్లో నెర్రెలు విచ్చి, వాటిలోంచి నీళ్ళూ ఇసుకా పైకి చిమ్మాయి.

పల్లెవాళ్ళకి దాని అర్థం ఏమిటి? తాగే బావి ఇసుకతో పూడిపోయింది. పచ్చని పైరు మీద ఇసుక మేట వేసింది. ఇల్లు పోయింది. అది జనవరి, ఉత్తర బీహార్ చలి. పైగా కోతకి వచ్చిన చెరకు పొలంలో నిలబడి ఉంది, దాన్ని ఆడించే పంచదార మిల్లులు దెబ్బతిన్నాయి. అంటే ఇల్లు పోయిన రైతుకి ఆ ఏడాది చేతికొచ్చే డబ్బు కూడా పోబోతోంది.

ఆ రోజుకి రాజేంద్ర బాబు ఖైదీగానే పట్నా ఆసుపత్రిలో ఉన్నారు. జైల్లో ఆరోగ్యం పాడై అక్కడికి మార్చారు. రెండు రోజులకి, జనవరి 17న విడుదల చేశారు. కోలుకున్నాక పని మొదలుపెడదాం అనుకునే వ్యవధి లేదు. వెంటనే బీహార్ సెంట్రల్ రిలీఫ్ కమిటీ తయారైంది. అధ్యక్షుడు ఆయనే.

ఇక్కడి నుంచే నా మొదటి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. అప్పటికి కాంగ్రెస్ సంస్థల మీద నిషేధం ఉంది. పనిచేయగల కార్యకర్తల్లో చాలామంది జైళ్ళలో ఉన్నారు. మరోపక్క వైస్రాయి విల్లింగ్డన్ పేరుతో అధికారిక సహాయ నిధి ఉండనే ఉంది. రాజాస్థానాలు, పెద్ద కంపెనీలు అక్కడ ఇస్తే గౌరవం దక్కుతుంది. ఇక్కడ ఇస్తే ఏం దక్కుతుంది? అయినా ఇచ్చారు. పత్రికల్లో విజ్ఞప్తి పడగానే దేశం నలుమూలల నుంచి డబ్బు, కంబళ్ళు, బట్టలు, ధాన్యం రావడం మొదలైంది. మొత్తం 38 లక్షల రూపాయలు దాటిందని ఆయన జీవిత చరిత్రల్లో ఉంటుంది. అది లాయర్‌గా మంచి పేరున్నప్పుడు ఆయన వదులుకున్న ఫీజుల ప్రపంచానికి కూడా అందని మొత్తం.

ఆయన గొప్ప వక్త కాదు. నెహ్రూలాగా జనాన్ని ఊపేసే ఆకర్షణ లేదు. గొంతు పెద్దది కాదు, దానికి తోడు ఉబ్బసం. మరి ఎందుకిచ్చారు? నాకు అర్థమైనంతలో ఆయన చేతిలో పెడితే అది దారి తప్పదు అని ఇచ్చారు. ప్రాక్టీసు వదిలి పద్నాలుగేళ్ళు, చంపారణ్ జరిగి పదిహేడేళ్ళు, వరద పనికి ఇరవై ఏళ్ళు. అవన్నీ ఆ విజ్ఞప్తి కింద కనపడని సంతకాల్లా ఉన్నాయి. మన పోస్టరు మీద క్యూఆర్ కోడ్ పక్కన ఉండాల్సింది కూడా అదే, కానీ దాన్ని ఒక రాత్రిలో డిజైన్ చేయలేం.

రెండో ప్రశ్న: డబ్బు వచ్చాక ఏం చేశారు?

మొదటి పని, లెక్క చూసే మనిషిని వెతకడం. జమ్నాలాల్ బజాజ్ సాయంతో జె.సి. కుమరప్పని రప్పించారు. తంజావూరులో పుట్టిన కుమరప్ప లండన్‌లో అకౌంటెన్సీ, అమెరికాలో బిజినెస్, పబ్లిక్ ఫైనాన్స్ చదివిన మనిషి. ఊళ్ళ నిండా వాలంటీర్లు, చేతుల్లో నగదు, రోజుకో చోట ఖర్చు, రసీదు రాసే తీరికలేని హడావిడి. ఏ ఫెస్టుకైనా ట్రెజరర్‌గా చేసినవాళ్ళకి ఈ దృశ్యం బాగా తెలుసు, దాన్ని వెయ్యితో గుణించుకోండి. కుమరప్ప ప్రతి కేంద్రానికీ పద్దు పుస్తకాలు పెట్టించారు. వాలంటీరు భోజనానికి రోజుకి ఇన్ని అణాలు అని పరిమితి కట్టారు. ఆయన గురించి ఒక సంగతి చెబుతారు. గాంధీ, ఆయన వెంట వచ్చినవాళ్ళు పట్నా వచ్చినప్పుడు వాళ్ళ భోజనం ఖర్చు కూడా నిధి నుంచి ఇవ్వడానికి కుమరప్ప ఒప్పుకోలేదట. ఇది ఇల్లు కూలినవాళ్ళ డబ్బు, అతిథుల డబ్బు కాదు అన్నది ఆయన లెక్క. గాంధీ నొచ్చుకోలేదు సరికదా సంతోషించారట.

ఇందులో కుమరప్ప పట్టుదల ఒక భాగమే. అంత కఠినమైన మనిషిని ఖజానా దగ్గర కూర్చోబెట్టి, ఆయన మాటకి అడ్డురాకుండా ఉన్న అధ్యక్షుడి సంగతి రెండో భాగం. మంచి పేరున్న పెద్దమనిషికి తన పేరే ఆడిట్ అనుకోవడం చాలా తేలిక. రాజేంద్ర బాబు అలా అనుకోలేదు. తన మీద ఉన్న నమ్మకాన్ని ఇంకొకరి చేత తనిఖీ చేయించుకున్నారు.

ఇక ఖర్చు. మొదటి రోజుల్లో అన్నం, కంబళ్ళు, మందులు, శిథిలాల కింద నుంచి శవాలు తీయడం. నెహ్రూ ముంగేర్ వచ్చి స్వయంగా పలుగూ పారా పట్టింది అప్పుడే. ఫిబ్రవరిలో ఆయన్ని మళ్ళీ అరెస్టు చేశారు. కృపలానీ లాంటివాళ్ళూ వచ్చి పనిలో దిగారు. ఆ తర్వాత మొదలైంది అసలు చిక్కు. ఇల్లు కట్టి ఇవ్వాలా, తాత్కాలికంగా పాక వేయాలా? పట్నంలో మేడ పోయినవాడికీ పల్లెలో గుడిసె పోయినవాడికీ సాయం ఎలా పంచాలి? వేసవి దాటితే వర్షాలు, వర్షాలతో నదులు. ఆలోపు నీడ లేకపోతే భూకంపం మిగిల్చినవాళ్ళని వాన తీసుకుపోతుంది.

కమిటీ పట్టుకున్న పనుల్ని చూస్తే ఒక వరస కనిపిస్తుంది. వెదురు, గడ్డితో పాకలు. పూడిన బావుల్లోంచి ఇసుక తోడించడం, కొత్త బావులు. ఆగిపోయిన చెరకు కోసం ఎడ్లతో తిప్పే గానుగలు ఊళ్ళకి చేర్చడం. మిల్లు బాగయ్యేదాకా ఆగకుండా రైతు బెల్లం వండుకోవచ్చు. వీటన్నిటికీ పెద్ద ఇంజనీరింగ్ అక్కర్లేదు, ఏ ఊరికి ఏది ముందు కావాలో తెలిస్తే చాలు. అది తెలియాలంటే ఊరికి వెళ్ళి, అడిగి, రాసుకోవాలి. చంపారణ్ పద్ధతే.

మార్చిలో గాంధీ బీహార్ వచ్చి ఊళ్ళు తిరిగారు. పట్నా సమావేశంలో ఈ ఒక్క విషయంలో ప్రభుత్వంతో కలిసి పనిచేయాలని తీర్మానం చేయించారు. నిన్నటిదాకా జైల్లో పెట్టిన ప్రభుత్వంతో సహకారం అంటే మింగుడుపడనివాళ్ళు ఉండే ఉంటారు. కానీ ఒకే ఊరికి ఇద్దరు కంబళ్ళు పంచి, పక్క ఊరికి ఎవరూ పోకపోతే నష్టపోయేది ఎవరు? గాంధీ ఇంకోటి కూడా ఊరూరా చెప్పారు: పనిచేయగలిగినవాళ్ళు ఊరికే తీసుకోవద్దు, బావి తవ్వకంలోనో ఇసుక ఎత్తడంలోనో పనిచేసి కూలి తీసుకోవాలి. దానంగా వచ్చిన డబ్బు కూలిగా చేతికందితే పుచ్చుకునేవాడి తల వంగదు.

ఒక వివాదం కూడా చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. భూకంపం అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీ అన్నారు. టాగూర్ గట్టిగా వ్యతిరేకించారు. ప్రకృతిలో జరిగేదానికి మన నీతి అవినీతులు కారణమంటే మూఢనమ్మకాల్ని పెంచినట్టే అని ఆయన వాదన. ఇంజనీరింగ్ స్టూడెంట్‌గా నేను టాగూర్ పక్షమే, ఇందులో నాకు అనుమానం లేదు. హిమాలయం కింద పలకలు కదలడానికి ఎవరి పాపాలూ అక్కర్లేదు. కానీ చలిలో పడుకున్న కుటుంబానికి ఆ రాత్రి కావలసింది కారణం కాదు, కప్పు. కారణం గురించి వాదన పత్రికల్లో నడుస్తుండగా కప్పు పని ఊళ్ళలో నడిచింది.

మన సివిల్ వాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన పేరు ఇంకోటి ఉంది. పియర్ సెరెసోల్. స్విట్జర్లాండ్ ఇంజనీరు, ఆ దేశాధ్యక్షుడిగా పనిచేసిన పెద్దమనిషి కొడుకు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, యుద్ధంలో కొట్టుకున్న దేశాల యువకులు కలిసి కూలిన ఊళ్ళు కట్టాలని సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ మొదలుపెట్టినవాడు. బీహార్ వార్త విని 1934లోనే ఇక్కడికి వచ్చాడు, తర్వాత కొద్దిమంది సహచరుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ముజఫర్‌పూర్ జిల్లాలో వాళ్ళు చూసింది ఏమిటంటే, భూకంపానికి నేల మట్టం మారిపోయి కొన్ని పల్లెలు ఏటా వరదలో మునిగే పరిస్థితికి వచ్చాయి. పాత చోటే ఇల్లు కట్టిస్తే చందా డబ్బు మొదటి వరదకే గోవిందా. అందుకని మెరక మీద కొత్త ఊరు కట్టారు. దానికి శాంతిపూర్ అని పేరు. విదేశీ ఇంజనీరు, పల్లె మనుషులు కలిసి మట్టి మోశారు. ఇల్లు ఎలా కట్టాలి అన్నదానికంటే ఎక్కడ కట్టాలి అన్నది ముందు తేలాలని ఆ ఊరు చెబుతుంది. మనం స్ట్రక్చరల్ డిజైన్‌కి ఇచ్చే క్రెడిట్లు సైట్ ఎంపికకి ఇవ్వం, అది వేరే గొడవ.

ఇప్పుడు అన్నగారి దగ్గరికి వస్తాను. 1934లోనే మహేంద్ర ప్రసాద్ చనిపోయారు. గోఖలే పిలిచినప్పుడు ఎవరి కోసం ఆగిపోయారో ఆ అన్న. తమ్ముడు దేశం పనిలో తిరుగుతుంటే పాతికేళ్ళుగా ఇల్లు లాక్కొచ్చింది ఆయనే. పోయాక చూస్తే కుటుంబం మీద పెద్ద అప్పులు. వాటి నుంచి బయటపడటానికి జమ్నాలాల్ బజాజ్ లాంటి మిత్రులు పూనుకోవాల్సి వచ్చింది, ఆస్తులు వదులుకోవాల్సి వచ్చింది.

ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పద్దులో దేశం ఇచ్చిన లక్షలు. ఇంకో పద్దులో సొంత ఇంటి అప్పు. రెండూ ఒకే మనిషివి, ఒకే ఏడాదిలో. మధ్యలో ఉన్న గోడకి చిన్న కన్నం కూడా పడలేదు. భూకంపం గురించి చదివిన అన్నిట్లో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ సంగతే. మన ఇళ్ళలోనూ అప్పులుంటాయి, ఫీజు కట్టే వారం ఎలా గడుస్తుందో మనలో చాలామందికి తెలుసు. అలాంటి వారంలో క్లబ్బు డబ్బు మన అకౌంట్లో ఉంటే ఆ డబ్బుని చూడకుండా ఉండటం ఎంత కష్టమో కూడా తెలుసు.

అదే ఏడాది అక్టోబరులో బొంబాయి కాంగ్రెస్‌కి ఆయన అధ్యక్షుడయ్యారు. దేశం ఆ గౌరవం ఇవ్వడంలో భూకంపం పని పాత్ర తక్కువేమీ కాదు. ఆ తర్వాత ఏడు నెలలకే, 1935 మే 31న, ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న క్వెట్టా భూకంపానికి నేలమట్టమైంది. పదుల వేల మంది పోయారు. సైన్యం ఊరిని మూసేసింది. సహాయానికి వెళ్తామంటే గాంధీకీ రాజేంద్ర బాబుకీ అనుమతి ఇవ్వలేదు. ఊరికి వెళ్ళనివ్వకపోతే ఊరి నుంచి బయటపడ్డవాళ్ళు ఎక్కడికి వస్తారు? సింధ్‌కి, పంజాబ్‌కి. ఆయన అక్కడ సహాయ కమిటీలు పెట్టారు. గేటు దగ్గర ఆపేస్తే గేటు బయటే పని వెతుక్కున్నారు.

మిగతా జీవితం మీకు తెలిసిన బిట్లే. 1939లో సుభాష్ బోస్ రాజీనామా చేశాక మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్షత. 1942లో మళ్ళీ జైలు. ఆ మూడేళ్ళలోనే ఆత్మకథ చాలావరకు రాసుకున్నారు. 1946లో ఆహార మంత్రి, డిసెంబరులో రాజ్యాంగ సభకి అధ్యక్షుడు. 1950 జనవరి 26న రాష్ట్రపతి. జీతంలో చాలా భాగం వదులుకున్నారు. 1962 మేలో, మన తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌కి పదవి అప్పగించి, రాష్ట్రపతి భవన్ నుంచి నేరుగా పట్నాలోని సదాకత్ ఆశ్రమానికి వెళ్ళిపోయారు. ఆ ఏడాదే భారతరత్న వచ్చింది, ఆ ఏడాదే రాజవంశీ దేవి పోయారు. 1963 ఫిబ్రవరి 28న ఆయనా వెళ్ళిపోయారు.

ఆయన పదవి దిగిన 1962లోనే మన దేశంలో భూకంపాలకి తట్టుకునే కట్టడాల డిజైన్ ప్రమాణం, ఐఎస్ 1893, మొదటిసారి వచ్చింది. ఆ రెండింటికీ సంబంధమేమీ లేదు, కేవలం కాకతాళీయం. కానీ ఇవాళ్టికీ ఆ ప్రమాణం తెరిచి జోన్ల మ్యాపు చూస్తే ఉత్తర బీహార్ భాగం ముదురు రంగులోనే ఉంటుంది. అంటే 1934 మళ్ళీ వస్తుంది, ఎప్పుడన్నదే తెలియదు. అప్పటికి మన బ్యాచుల్లో ఎవరో ఒకరు అలాంటి చోట ఇంజనీరుగా ఉండొచ్చు. లేదా బుడమేరు లాంటి మన వరదకే ఇక్కడ ఒక చందా గ్రూపుకి అడ్మిన్‌గా ఉండొచ్చు.

అందుకని మన క్లబ్బుకీ, ఎన్నెస్సెస్ యూనిట్‌కీ ఒక చిన్న ప్రతిపాదన పెట్టి ముగిస్తాను. ఈసారి ఏ విపత్తుకైనా డబ్బు వసూలు చేస్తే ముందే ఇద్దరిని అనుకుందాం. అడిగేవాడు ఒకడు, లెక్క రాసేవాడు ఇంకొకడు. రెండోవాడు కాస్త మొండివాడైతే మంచిది. సాయం చేరిన ఊరికి ఒకరైనా వెళ్ళి ఏది ముందు కావాలో అడిగి రాసుకురావాలి. వాలంటీర్ల టీ, ఆటో ఖర్చు చందాలోంచి తీయకూడదు. నెల తిరిగేసరికి జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డు మీద, గ్రూపులో ఉండాలి. రూపాయి మిగిలినా మిగిలిందని రాయాలి. ఇవేవీ నేను కొత్తగా కనిపెట్టినవి కాదు. తొంభై ఏళ్ళ క్రితం ఆసుపత్రి మంచం దిగి వచ్చిన ఒక ఉబ్బసం మనిషి చేసి చూపించినవే.